వాచీ చేసినవాడు పోయాక వాచీ సంగతేంటి? (జాన్ హారిసన్ కథ)

పోయిన వేసవి సెలవుల్లో చిత్తూరు వెళ్ళినప్పుడు మా అవ్వ బీరువాలోంచి తాత వాచీ తీసి నా చేతిలో పెట్టింది. కీ ఇచ్చే వాచీ. తాత పోయి ఆరేళ్ళయింది, వాచీ ఆగిపోయి అంతకన్నా ఎక్కువే అయ్యుంటుంది. రెండు షాపుల్లో అడిగితే సామాను దొరకదు, బ్యాటరీది కొనుక్కోమన్నారు. మూడో చోట, మెట్ల కింద బల్లంత షాపులో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఆయన కంటికి భూతద్దం పెట్టుకుని వెనక మూత తెరిచి, లోపలివైపు నాకు చూపించాడు. అక్కడ సూదితో గీసినట్టు మూడు చోట్ల చిన్న చిన్న గుర్తులు, తేదీలు ఉన్నాయి. రిపేరు చేసినవాళ్ళు ఎప్పుడు చేశారో అట్లా గీసి పెట్టుకుంటారంట. అందులో ఒకటి తన గీతేనని చెప్పి, వారం తర్వాత రమ్మన్నాడు.

ఆ వారమంతా నాకు ఒకటే ఆలోచన. కంపెనీ వాచీకే సామాను దొరక్కపోతే, ఒకే మనిషి తన చేత్తో ఒక్కటే ఒక్క వాచీ చేస్తే, ఆ మనిషి పోయాక దాన్ని ఎవరు బాగుచేస్తారు? మన భాషలో చెప్పాలంటే, కామెంట్లు లేని కోడ్ రాసినవాడు ఉద్యోగం మానేసి వెళ్ళిపోతే ఎట్లా?

దీనికి సమాధానం వెతుకుతూ పోతే జాన్ హారిసన్ దొరికాడు. సముద్రం మీద రేఖాంశం కనుక్కునే వాచీ చేసినవాడుగా ఆయన పేరు మీలో కొందరు వినే ఉంటారు. ఆ కథే చెబుతాను. కాకపోతే వాచీ రిపేరు వైపు నుంచి.

వడ్రంగి కొడుకు

హారిసన్ 1693లో ఇంగ్లండులో యార్క్‌షైర్‌లోని ఫౌల్బీ అనే ఊళ్ళో పుట్టాడు. నాన్న వడ్రంగి. చిన్నప్పుడే వాళ్ళ కుటుంబం హంబర్ నది పక్కన బారో అనే ఊరికి మారింది. పెద్ద చదువేం లేదు. ఊరికి వచ్చిన ఒక పాదిరి ఆయనకి కేంబ్రిడ్జి ప్రొఫెసర్ సాండర్సన్ లెక్చర్ల రాతప్రతి అరువిచ్చాడు. హారిసన్ దాన్నంతా బొమ్మలతో సహా చేత్తో కాపీ చేసుకున్నాడు. జిరాక్స్ షాపు ముందు పరీక్ష ముందురోజు క్యూ కట్టే మనకి ఇది కొంచెం సిగ్గుపడే విషయమే.

ఇరవై ఏళ్ళు నిండే సమయానికి, 1713లో, మొదటి గడియారం చేశాడు. అది చెక్క గడియారం. పళ్ళ చక్రాలు కూడా ఓక్ చెక్కతోనే చేశాడు, ఎందుకంటే ఆయనకి తెలిసింది చెక్క పనే.

1722 ప్రాంతంలో బ్రాకిల్స్‌బీ పార్క్ అనే జమీందారు ఎస్టేట్‌లో ఒక టవర్ గడియారం పెట్టాడు. ఇక్కడ ఆయన చేసిన పనిని కొంచెం ఆగి చూడాలి.

ఏ గడియారాన్నైనా ఎక్కువగా చంపేది నూనె. వినడానికి వింతగా ఉంటుంది గానీ అది నిజం. చక్రాలు అరగకుండా నూనె వేస్తాం. ఆ నూనె కొన్నేళ్ళకి దుమ్ము పట్టి జిగురవుతుంది, చలికి గట్టిపడుతుంది, ఎండకి పలచబడుతుంది. దాంతో గడియారం స్పీడు మారిపోతుంది, చివరికి ఆగిపోతుంది. వాచీ సర్వీసింగ్ అంటే ముఖ్యంగా పాత నూనె కడిగేసి కొత్త నూనె వెయ్యడమే. ఆ రోజుల్లో నూనె ఇంకా నాసిరకం.

హారిసన్ మంచి నూనె కోసం వెతకలేదు. నూనే అక్కర్లేకుండా చేశాడు. లిగ్నం వైటే అని ఒక చెక్క ఉంది. మన శేషాచలం ఎర్రచందనం లాగే నీళ్ళలో మునిగేంత బరువు. దాని ప్రత్యేకత ఏంటంటే, లోపల్నించి దానంతట అదే జిడ్డు వదులుతుంది. రాపిడి ఉండే చోటల్లా ఆ చెక్క పెట్టాడు. తుప్పు పడుతుందని ఇనుము వాడకుండా ఇత్తడి వాడాడు. మధ్యలో బాగుచెయ్యడానికి ఆపింది తప్పిస్తే, మూడు వందల ఏళ్ళ తర్వాత కూడా ఆ గడియారం నడుస్తోంది. రిపేరు గురించి నాకు దొరికిన మొదటి పాఠం ఇదే. మంచి రిపేరు డిజైన్‌లోనే మొదలవుతుంది.

తర్వాత తమ్ముడు జేమ్స్‌తో కలిసి ఇంకో రెండు సమస్యలు తీర్చాడు. ఎండకి లోహం సాగితే లోలకం పొడవు పెరిగి గడియారం నెమ్మదిస్తుంది. ఇత్తడి ఎక్కువ సాగుతుంది, ఉక్కు తక్కువ సాగుతుంది. ఈ రెండు కడ్డీలనీ పక్కపక్కన ఎదురెదురుగా బిగించాడు. ఒకటి కిందకి సాగితే ఇంకోటి పైకి లాగుతుంది, మొత్తం పొడవు మారదు. రెండోది గ్రాస్‌హాపర్ అనే ఎస్కేప్‌మెంట్. చక్రాన్ని ఒక్కో పన్నూ వదిలే భాగం అది, మిడత కాళ్ళలాగా కదులుతుంది, దాదాపు రాపిడే ఉండదు. ఈ రెండూ కలిసిన గడియారాలు నెలకి ఒక సెకను తేడాతో నడిచేవి. ఇది 1720ల మాట. ఊళ్ళో వడ్రంగి పని చేసుకుంటూనే చేశారు.

నాలుగు నిమిషాలు అంటే నూట ఎనిమిది కిలోమీటర్లు

ఇప్పుడు రేఖాంశం సంగతి. భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది. అంటే ఒక డిగ్రీకి 4 నిమిషాలు. మన ఐఎస్‌టీ లెక్క 82.5 డిగ్రీల రేఖ మీద ఉంటుంది, అది కాకినాడకి దగ్గర్లో పోతుంది. తిరుపతి దాదాపు 79.4 డిగ్రీల మీద ఉంది. అందుకే మన ఊళ్ళో సూర్యుడు నడినెత్తికి రావడం ఆ రేఖ కంటే సుమారు 12 నిమిషాలు లేటు. చిత్తూరులో ఇంకో నిమిషం పైనే లేటు.

దీన్నే తిరగేసి చూడండి. నా దగ్గర 82.5 రేఖ టైం చూపించే వాచీ ఉండి, నేనున్న చోట సూర్యుడు ఎంత లేటుగా నడినెత్తికి వచ్చాడో చూస్తే, నేను ఎంత పడమరలో ఉన్నానో తెలిసిపోతుంది. మన అక్షాంశంలో 4 నిమిషాల తేడా అంటే 108 కిలోమీటర్లు. వాచీ ఒక్క సెకను తప్పితే 450 మీటర్లు తప్పినట్టు.

నేల మీద ఇది సరదా లెక్క. సముద్రంలో మాత్రం ప్రాణాల లెక్క. 1707లో ఇంగ్లండు యుద్ధనౌకలు నాలుగు, తామెక్కడ ఉన్నామో తెలియక సిల్లీ దీవుల రాళ్ళకి గుద్దుకుని మునిగిపోయాయి. వెయ్యి మందికి పైగా చనిపోయారు. 1714లో ఇంగ్లండు పార్లమెంటు చట్టం చేసింది. వెస్టిండీస్ దాకా ప్రయాణం చేసి అర డిగ్రీ లోపల రేఖాంశం చెప్పగలిగే పద్ధతి తెచ్చినవాళ్ళకి 20,000 పౌండ్లు. అర డిగ్రీ అంటే 2 నిమిషాలు. ఆరు వారాల ప్రయాణం అనుకుంటే రోజుకి 3 సెకన్లు కూడా తప్పకూడదు. నౌక ఊగుతుంది కాబట్టి లోలకం పనిచెయ్యదు. చలి, ఎండ, ఉప్పుగాలి. నూనె సంగతి ముందే చెప్పాను. వాచీతో ఇది అయ్యే పని కాదని న్యూటన్ లాంటివాళ్ళకే అనుమానం.

ముప్పై ఏళ్ళు, మూడు యంత్రాలు

1730లో హారిసన్ తన బొమ్మలు పట్టుకుని లండన్ వెళ్ళాడు. తోకచుక్క హేలీ ఉన్నాడే, ఆ ఎడ్మండ్ హేలీనే కలిశాడు. హేలీ ఆయన్ని జార్జ్ గ్రాహం అనే పేరున్న గడియారాల పనివాడి దగ్గరికి పంపాడు. పోటీదారు అవ్వాల్సిన గ్రాహం, వడ్డీ లేకుండా డబ్బు అప్పిచ్చాడు.

1735కి హెచ్-1 తయారైంది. బరువు 34 కిలోలు. 1736లో లిస్బన్ దాకా నౌకలో తీసుకెళ్ళి తెచ్చారు. తిరుగు ప్రయాణంలో ఒడ్డు కనిపించినప్పుడు అది ఏ ఒడ్డో నౌక అధికారులు ఒకటి చెప్పారు, హారిసన్ ఇంకోటి చెప్పాడు. హారిసన్ చెప్పిందే కరెక్టు. వాళ్ళ లెక్క దాదాపు 60 మైళ్ళు తప్పు.

అక్కడే ఆగి వెస్టిండీస్ ట్రయల్ అడిగుంటే ఏమయ్యేదో. కానీ హారిసనే తన యంత్రం బాలేదన్నాడు. ఇంకా మంచిది చేస్తానని బోర్డు ముందు డబ్బు అడిగాడు. హెచ్-2 చేశాడు, 1739కి అందులో కూడా తప్పు కనిపించింది. హెచ్-3 మొదలుపెట్టి 19 ఏళ్ళు దాని మీదే కూర్చున్నాడు. అందులో 753 భాగాలు. అనుకున్నంత బాగా అది ఎప్పుడూ నడవలేదు. కానీ దానికోసం కనిపెట్టిన రెండు లోహాల పట్టీని తర్వాత కాలంలో ఇస్త్రీపెట్టె థర్మోస్టాట్లలో వాడారు. అందులో వాడిన గూడు బేరింగు లాంటివి ఈరోజు బైకు చక్రాల్లో తిరుగుతున్నాయి.

చివరికి దారి ఇంకోవైపు నుంచి దొరికింది. 1753లో తన డిజైన్‌తో ఒక జేబు వాచీని ఇంకో పనివాడి చేత చేయించుకున్నాడు. అది అనుకున్నదానికన్నా బాగా నడిచింది. పెద్ద యంత్రం కన్నా, చిన్నగా ఉండి వేగంగా కొట్టుకునే వాచీ నౌక ఊపుని బాగా తట్టుకుంటుందని అర్థమయింది. 1759కి హెచ్-4 తయారైంది. 13 సెంటీమీటర్ల వెడల్పు, కిలోన్నర బరువు, సెకనుకి ఐదు సార్లు టిక్కుమంటుంది. ఇరవై ఏళ్ళకి పైగా నడిచిన దారి వదిలేసి అరవై ఏళ్ళు దాటాక మళ్ళీ మొదట్నించి మొదలుపెట్టడానికి ఎంత ధైర్యం కావాలో!

ఒకటి మాత్రం వదులుకోవాల్సి వచ్చింది. అంత చిన్న వాచీలో లిగ్నం వైటే కుదరదు. వజ్రాలు, కెంపులు వాడినా హెచ్-4కి నూనె తప్పలేదు. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

నువ్వు పోయాక ఎవరు చేస్తారు?

1761లో కొడుకు విలియం హెచ్-4ని తీసుకుని జమైకా వెళ్ళాడు. తేడా 5 సెకన్లు. అదృష్టం కొద్దీ వచ్చిందేమో అని బోర్డు ఒప్పుకోలేదు. 1764లో మళ్ళీ బార్బడోస్‌కి వెళ్ళాడు. (బార్బడోస్, మన చిత్తూరు దాదాపు ఒకే అక్షాంశం మీద ఉంటాయి.) 47 రోజులకి తేడా 39 సెకన్లు. దూరంలో చెప్పాలంటే 18 కిలోమీటర్లు, తిరుపతి నుంచి తిరుమలకి బస్సులో వెళ్ళే దూరం కంటే తక్కువ. చట్టం అడిగిన దానికన్నా మూడు రెట్లు మేలు.

అయినా డబ్బు మొత్తం ఇవ్వలేదు. 1765లో కొత్త షరతులు వచ్చాయి. వాచీని విప్పి, ఎట్లా పనిచేస్తుందో నిపుణుల ముందు వివరిస్తే సగం. మిగతా సగం కావాలంటే అలాంటివి ఇంకా చెయ్యగలమని నిరూపించాలి.

సాధారణంగా ఈ కథ చెప్పేవాళ్ళంతా ఇక్కడ బోర్డుని, ముఖ్యంగా అప్పుడే రాజ ఖగోళ శాస్త్రవేత్త అయిన నెవిల్ మాస్కెలిన్‌ని విలన్ చేసేస్తారు. నేనూ మొదట అట్లానే కోపం తెచ్చుకున్నా. చంద్రుడికీ నక్షత్రాలకీ మధ్య దూరం కొలిచి రేఖాంశం కట్టే పద్ధతిని మాస్కెలిన్ సమర్థించేవాడు, అంటే ఆయనా పోటీలో ఉన్నవాడే. పోటీదారుని జడ్జి చెయ్యడం అన్యాయం, అందులో అనుమానం లేదు. కానీ బోర్డు అడిగిన ప్రశ్న మాత్రం తప్పు కాదు. ప్రపంచంలో ఒక్కటే వాచీ, అది 72 ఏళ్ళ ముసలాయన తలలో ఉన్న విద్య. రేపు ఆయన పోతే, నౌకలో వాచీ ఆగితే, విప్పేదెవరు? చంద్రుడి లెక్క గంటల తరబడి వేస్తే గానీ తేలకపోయినా, పుస్తకం కొనుక్కున్న ఎవరైనా వెయ్యొచ్చు. నా ల్యాప్‌టాప్‌లో మాత్రమే రన్ అయ్యే ప్రాజెక్టుకి మా మేడం మార్కులు వెయ్యకపోవడం లాంటిదే ఇది. ఆరోజు నాకూ కోపం వచ్చింది, కానీ ఆవిడ అడిగింది న్యాయమే.

1765 ఆగస్టులో లండన్ రెడ్ లయన్ స్క్వేర్‌లోని తన ఇంట్లో, కమిటీ ముందు హారిసన్ హెచ్-4ని ముక్క ముక్క విప్పి చూపించాడు. మొదటి సగం డబ్బు వచ్చింది. ఆ వివరాలూ బొమ్మలూ 1767లో పుస్తకంగా అచ్చయ్యాయి. కానీ వాచీని మాత్రం బోర్డు తీసేసుకుంది. 1766లో గ్రీన్విచ్‌లో మాస్కెలిన్ దాన్ని పది నెలలు పరీక్షించి, నమ్మదగ్గది కాదని తేల్చాడు. విప్పి మళ్ళీ బిగించిన వాచీ అది. బిగించాక మళ్ళీ కొన్నాళ్ళు స్పీడు చూసి సరిచెయ్యాలన్న సంగతి మా చిత్తూరు పెద్దాయనకి కూడా తెలుసు, అందుకే నన్ను వారం తర్వాత రమ్మన్నాడు. పాత మూడు యంత్రాల్నీ స్ప్రింగులు లేని బండిలో గ్రీన్విచ్‌కి తోలారు. ఎత్తేటప్పుడే హెచ్-1ని కింద పడేశారు. ముప్పై ఏళ్ళ కష్టం అట్లా కింద పడుతుంటే ఆ ఇంట్లో ఎట్లా ఉండి ఉంటుందో నేను ఊహించుకోలేకపోతున్నా.

ప్రశ్నకి జవాబు ఇచ్చింది లార్కమ్ కెండాల్. ఆరోజు కమిటీలో కూర్చుని చూసిన వాచీ పనివాళ్ళలో ఒకడు. బోర్డు ఆయనకి హెచ్-4 ఇచ్చి అచ్చం అలాంటిది చెయ్యమంది. 1769కి కె-1 తయారైంది, ఖర్చు 450 పౌండ్లు. కెప్టెన్ కుక్ 1772 నుంచి 1775 దాకా చేసిన రెండో ప్రయాణంలో దాన్నే తీసుకెళ్ళాడు. ఉష్ణమండలం నుంచి దక్షిణ ధృవం మంచు దాకా తిరిగొచ్చిన వాచీ అది. మొదట్లో అనుమానించిన కుక్ తిరిగొచ్చేసరికి దానికి అభిమాని అయిపోయాడు. ఇంకో చెయ్యి చెయ్యగలిగింది కాబట్టి అది ఇంక ఒక్క మనిషి విద్య కాదు. తర్వాత ఆర్నాల్డ్, ఎర్న్‌షా లాంటివాళ్ళు డిజైన్‌ని సులువు చేసి ధర తగ్గించారు. క్రమంగా వాచీలు నౌకల్లో మామూలైపోయాయి.

ఈ లోపల హారిసన్ కొడుకుతో కలిసి హెచ్-5 చేశాడు. బోర్డు మీద ఆశ వదులుకుని రాజు మూడో జార్జి దగ్గరికి వెళ్ళారు. 1772లో రాజు తన సొంత అబ్జర్వేటరీలో దాన్ని పరీక్ష చేయించాడు. రోజుకి సెకనులో మూడో వంతు తేడా. 1773లో పార్లమెంటు 8,750 పౌండ్లు ఇచ్చింది. అసలు బహుమతి మాత్రం చట్టం ప్రకారం ఎవరికీ ఇవ్వనేలేదు. 1776 మార్చి 24న, తన పుట్టినరోజు నాడే, 83 ఏళ్ళ వయసులో హారిసన్ చనిపోయాడు.

దుమ్ములోంచి

కథ ఇక్కడితో అయిపోతే నేను ఇది రాసేవాణ్ణి కాదు. కె-1 నౌకల్లో తిరుగుతుంటే, అసలు నాలుగు వాచీలూ గ్రీన్విచ్‌లో మూలపడ్డాయి. 1920లో రూపర్ట్ గౌల్డ్ అనే నౌకాదళ అధికారి వాటిని చూసేసరికి దుమ్ము, తుప్పు, చిలుము. యుద్ధం మొదలైనప్పుడు మనసు దెబ్బతిని నౌక వదిలి ఆఫీసు పనిలో ఉన్న మనిషి ఆయన. వాచీ రిపేరు నేర్చుకున్నవాడు కాదు. జీతం తీసుకోకుండా బాగుచేస్తానని అడిగి తీసుకున్నాడు.

హెచ్-1 మీద మొదట తుడిస్తేనే అరవై గ్రాముల దాకా మురికి వచ్చిందంట. హెచ్-3 ఒక్కటే ఏడేళ్ళు తీసుకుంది. సామాను ఏ షాపులోనూ దొరకదు కదా, లేని భాగం ఎట్లా ఉండాలో ముందు ఊహించాలి, తర్వాత చెయ్యాలి. విప్పిన ప్రతిదానికీ రంగు సిరాలతో బొమ్మలు గీసుకుంటూ 18 నోటు పుస్తకాలు నింపాడు. ఎందుకంటే తన తర్వాత విప్పేవాడు తనలాగా చీకట్లో వెతుక్కోకూడదని. మధ్యలో పెళ్ళి విడిపోయింది, ఇల్లు పోయింది. పని మాత్రం ఆపలేదు. 1933లో హెచ్-1 మళ్ళీ టిక్కుమంది, పడేసిన 167 ఏళ్ళకి.

ఇప్పుడు గ్రీన్విచ్ వెళ్తే హెచ్-1, 2, 3 నడుస్తూ కనిపిస్తాయి. చరిత్ర మార్చిన హెచ్-4 మాత్రం ఆగి ఉంటుంది. పాడై కాదు. దానికి నూనె కావాలి, నూనె వేసి నడిపితే అరుగుతుంది, అరిగితే అసలు భాగం మార్చాలి. మారుస్తూ పోతే అది హారిసన్ వాచీ కాకుండా పోతుంది. అందుకే ఆపి ఉంచారు. ఇది నాకు కొంచెం బాధగానే అనిపించింది, అయినా వేరే దారి కూడా కనిపించలేదు.

ఇంకో సంగతి. చనిపోయే ముందు 1775లో హారిసన్ రాసిన పుస్తకంలో, తన పద్ధతిలో లోలకం గడియారం వంద రోజులకి ఒక సెకను తేడాతో నడుస్తుందన్నాడు. రాత అర్థం కాక, ముసలాయన మతిపోయి రాశాడని నవ్వారు. 20వ శతాబ్దంలో మార్టిన్ బర్జెస్ అనే గడియారాల పనివాడు ఆ రాతని పట్టుకుని గడియారం మొదలుపెట్టాడు. 2015లో గ్రీన్విచ్‌లో పెట్టెలో పెట్టి వంద రోజులు చూస్తే, తేడా ఒక సెకను కన్నా తక్కువ. 240 ఏళ్ళ తర్వాత టెస్ట్ కేసు పాసయింది. అర్థం అయ్యేట్టు రాసుంటే ఇంతకాలం పట్టేది కాదేమో.

మళ్ళీ చిత్తూరు

వారం తర్వాత వెళ్తే తాత వాచీ నడుస్తోంది. మూత లోపల నాలుగో గీత గీసి ఉంది. నాలుగైదేళ్ళకోసారి నూనె మార్పించమన్నాడు. అప్పటికి ఎక్కడ మార్పించాలని అడిగితే ఆయన నవ్వాడు. కొడుకు బెంగళూరులో ఉద్యోగమంట, పని నేర్చుకోడానికి ఎవరూ రావట్లేదంట.

నేను కెండాల్‌ని కాదు, గౌల్డ్ అంతకన్నా కాదు. నా చేతికి స్క్రూ ఇస్తే ఎక్కడో పడేసుకుంటాను. కానీ ఫోన్ ఉంది కదా. పని చేసేటప్పుడు వీడియో తీసుకోవచ్చా అని అడిగా. నా పిచ్చి గానీ ఎవరు చూస్తారని అన్నాడు, అయినా లైటు నా వైపు జరిపాడు. ఇప్పటికి మూడు వీడియోలు అయ్యాయి. ఆయన మాటలన్నీ కింద తెలుగులో టైపు చేస్తున్నా, ఏ భాగాన్ని ఏమంటాడో, ఏది ముందు విప్పాలో.

మీ ఇంట్లో కూడా ఆగిపోయిన వాచీ ఒకటి ఉండే ఉంటుంది. పారెయ్యకండి. మీ ఊళ్ళో ఆ పని తెలిసిన పెద్దాయన ఎవరైనా ఉంటే తీసుకెళ్ళండి, మూత తెరిచేటప్పుడు పక్కనే నిలబడి చూడండి. వీలైతే రాసిపెట్టండి.